మొదటి పిస్టల్ కోర్సుకు వెళ్తున్నారా? గన్ తీయడం సరే, తిరిగి పెట్టడం నేర్చుకుని రండి

డాలస్ చుట్టుపక్కల శని, ఆదివారాలు జరిగే డిఫెన్సివ్ (ఆత్మరక్షణ) పిస్టల్ కోర్సుల్లో ఈమధ్య మన తెలుగువాళ్ళు బాగానే కనిపిస్తున్నారు. గన్ కొని బీరువాలో పెట్టి మరిచిపోవడం కన్నా రెండు రోజులు ఎండలో నిలబడి నేర్చుకోవడం ఎంతో మేలు. కానీ ఇంట్లోనే చేసుకు రావాల్సిన పనులు చేసుకు రాక, శనివారం పొద్దుటి పూటంతా పోగొట్టుకునేవాళ్ళను చూసి చూసి విసుగొచ్చింది. విద్యార్థిగా మొదలుపెట్టి, ఇప్పుడు సహాయకుడిగా లైన్ వెనక నిలబడుతున్న మనిషిగా చెప్తున్నాను, ఈ వరసలోనే చేయండి.

1. ముందు మీ వీసా చూసుకోండి

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతంగా కొనకపోయినా సరే, రేంజిలో (గన్ కాల్చడం సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని కాల్చినా, స్నేహితుడి గన్ చేతిలోకి తీసుకున్నా అదీ దాని కిందికే వస్తుంది. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు, దేశం నుంచి పంపించెయ్యనూ వచ్చు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. "మా ఆఫీసులో అందరూ వెళ్ళారు" అన్నది కోర్టులో పనికిరాదు. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు.

2. సామాను

9 మి.మీ. పిస్టల్. రెండు రోజుల కోర్సుకు మామూలుగా 600 నుంచి 1000 రౌండ్లు, అంటే తూటాలు, అడుగుతారు. ఇత్తడి తొడుగు ఉన్నవే కొనండి. మ్యాగజైన్లు (తూటాలు నింపి గన్ పిడిలోకి తోసే డబ్బాలు) కనీసం ఐదు. గట్టి బెల్టు. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) మొదటి కోర్సుకు వద్దు, గన్ మీదుండే ఇనుప సైట్లతోనే గురి పెట్టడం నేర్చుకోవాలి. కళ్ళద్దాలు, చెవులు మూసే ఎలక్ట్రానిక్ మఫ్స్, వాటి కింద ఫోమ్ ప్లగ్స్ కూడా. పిస్టల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దగ్గరే చెవికి శాశ్వతంగా దెబ్బ. టోపీ, మెడ దాకా మూసిన టీషర్టు. గన్‌లోంచి ఎగిరిపడే వేడి కేసింగ్ (తూటా ఖాళీ తొడుగు) మెడలోంచి లోపలికి జారితే మనిషి ఎగిరి గంతేసి గన్ పక్కవాళ్ళ మీదికి తిప్పేస్తాడు. కాలినా సరే, ముందు గన్ మూతి టార్గెట్ వైపే ఉంచాలి.

వేరే రాష్ట్రానికి విమానంలో వెళ్తుంటే గన్ ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర చెప్పి ఇవ్వాలి. చాలా విమాన సంస్థలు తూటాలు 11 పౌండ్ల వరకే ఒప్పుకుంటాయి, అంటే ఉజ్జాయింపుగా 400 రౌండ్లు. మిగతావి అక్కడే కొనుక్కోండి.

హోల్‌స్టర్, అంటే నడుముకు గన్ పెట్టుకునే ఒర, దాని విషయంలో మాత్రం బేరాలు వద్దు. మీ గన్ మోడల్‌కే చేసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) పూర్తిగా కప్పేది, గన్ తీశాక నోరు ముడుచుకుపోనిది. కుడి తుంటి పక్కన, బెల్టు బయటే పెట్టుకోవాలి. పొట్ట ముందు పెట్టుకునే పద్ధతి కొత్తవాళ్ళకు పనికిరాదు, పొరపాటు జరిగితే తూటా వెళ్ళేది తొడలోని పెద్ద రక్తనాళం వైపు. చూపుడు వేలితో మీట నొక్కితే విడిచే రకాన్ని చాలా శిక్షణ కేంద్రాలు రానివ్వవు. మీట నొక్కిన ఒత్తిడితోనే వేలు నేరుగా ట్రిగ్గర్ మీదికి జారుతుంది మరి.

3. ఇంట్లో ఖాళీ గన్‌తో సాధన

కోర్సుకు మూడు వారాల ముందు నుంచి రోజూ పది నిమిషాలు. రేంజికి వెళ్ళి ఒక్క పూటలో 300 రౌండ్లు తగలేసి "ప్రాక్టీసు అయ్యింది" అనుకునేవాళ్ళున్నారు. చప్పుడుకి కళ్ళు మూసుకోవడం తప్ప దాంతో వాళ్ళకేమీ రాదు. చెయ్యి నేర్చుకునేది నిశ్శబ్దంలో.

మ్యాగజైన్ తీయండి, గన్ పైన జరిగే భాగం, స్లయిడ్, మూడుసార్లు వెనక్కి లాగండి, తూటా కూర్చునే ఛాంబర్ కంటితో చూడండి, వేలు పెట్టి తడమండి. తూటాలన్నీ పక్క గదిలో. గురి పెట్టే వైపు ఇటుక ఫైర్‌ప్లేస్ లాంటిది ఉండాలి. అమెరికాలో ఇంటి లోపలి గోడలు మన ఊరి ఇటుక గోడలు కావు, జిప్సం పలకలు. తూటా ఒక గోడ దాటి, రెండోది దాటి, పిల్లల గదిలోకి పోతుంది. సాధన అయ్యాక "అయిపోయింది" అని పైకే అనండి, గన్ దాచెయ్యండి. మళ్ళీ లోడ్ చేశాక "ఇంకొక్కసారి" అని ట్రిగ్గర్ నొక్కడం వల్లే ఇళ్ళల్లో గోడలకు చిల్లులు పడుతున్నాయి.

4. గన్ తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టడం

ఇది నేర్చుకోకుండా రావద్దు. పిస్టల్ శిక్షకుడు జెఫ్ కూపర్ 1976లో అరిజోనాలో గన్‌సైట్ అనే శిక్షణ కేంద్రం మొదలుపెట్టాక ఆయన చెప్పిన నాలుగు సూత్రాలు ఈనాటికీ ప్రతి కోర్సులో వినిపిస్తాయి. ప్రతి గన్నూ లోడ్ అయ్యే ఉందనుకో. నాశనం చేయదలుచుకోని దాని వైపు మూతి తిప్పకు. సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. అందరూ అప్పజెప్తారు. కానీ గన్ తిరిగి పెట్టేటప్పుడు మూతి మీ కాలికి అంగుళాల దూరంలో ఉంటుంది, మనసేమో "అయిపోయింది" అని సడలిపోయి ఉంటుంది. ఆ క్షణంలో సూత్రాలన్నీ మరిచిపోతారు.

కుడిచేతి వాటం వాళ్ళకి చెప్తున్నాను. కాల్చడం అయ్యాక గన్ ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి, మూతి టార్గెట్ వైపే. వేలు ట్రిగ్గర్ గార్డ్‌లోంచి తీసి, పైన స్లయిడ్ పక్కన నిటారుగా చాచండి. సేఫ్టీ ఉంటే వేయండి. వెనక హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) ఉన్న గన్ అయితే బొటనవేలు దాని మీద ఆనించండి, ఏదైనా ట్రిగ్గర్‌ను నొక్కుతుంటే హ్యామర్ కదలిక వేలికి తెలిసిపోతుంది. ఇప్పుడు ఆగండి. మనసులో మూడు లెక్కపెట్టండి.

ఎడమచేత్తో చొక్కా అంచు గుప్పిట పట్టి ఛాతీ దాకా లాగి, అక్కడే అదిమి ఉంచండి. ఎడమ చెయ్యి మళ్ళీ కిందికి రాకూడదు, హోల్‌స్టర్ నోరు వేళ్ళతో సవరించకూడదు. తర్వాత తల వంచి హోల్‌స్టర్‌లోకి చూడండి. లోపల చొక్కా మడత ఉందా? జాకెట్ తాడు, దాని చివరి ప్లాస్టిక్ పూస ఉందా? ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరి గన్ పేల్చేవి ఇవే. వదులు కుర్తీలు, చున్నీలు, తాళ్ళున్న జాకెట్లు ఆ రెండు రోజులూ ఇంట్లో వదిలేయండి.

గన్ మెల్లగా దించండి. ఎక్కడైనా తట్టుకుంటే నెట్టకండి. బయటికి తీసి, మూతి టార్గెట్ వైపు తిప్పి, అడ్డమేమిటో చూడండి. ఒక కోర్సులో నా పక్క లైన్లో ఒకాయన తట్టుకున్న గన్‌ను రెండోసారి బలంగా తోశాడు. నలిగి మెత్తబడిన పాత తోలు హోల్‌స్టర్, అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్ మీదికి వచ్చింది. తూటా ప్యాంటు చీల్చుకుని మడమ పక్కన మట్టిలో దిగింది. బతికిపోయాడు. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

హోల్‌స్టర్ వైపు చూడకూడదు, కళ్ళు ఎదురుగానే ఉండాలని చెప్పే గురువులున్నారు. నేను ఒప్పుకోను. ఎదురుగా ఇంకా ప్రమాదం ఉంటే గన్ లోపల పెట్టే పనే లేదు. ప్రమాదం లేదంటే కిందికి చూడటానికి కావలసినంత సమయం ఉంది. గన్ తీయడంలో వేగానికి కారణముంది, పెట్టడంలో వేగానికి కారణమే లేదు.

ఈ వరసంతా మీ మోడల్ ఆకారంలో ఉండే నీలం ప్లాస్టిక్ నమూనాతో వందసార్లు చేయండి, తర్వాతే ఖాళీ గన్‌తో. గన్ చేయి జారితే గాల్లో పట్టుకోబోవద్దు, పడనివ్వండి. పట్టుకోబోయిన వేలు వెతుక్కునేది ట్రిగ్గర్‌నే.

5. ఆ రెండు రోజులు

నీళ్ళు దండిగా, మధ్యాహ్నానికి పెరుగన్నం. బిర్యానీ తిని ఎండలో నిలబడితే గురి కుదరదు. టోర్నికే (గాయం నుంచి రక్తం ఆపడానికి బిగించే పట్టీ) కొని, కట్టడం ముందే నేర్చుకోండి. కొత్త బూట్లు వద్దు.

తూటాల అడుగున మందును అంటించే ప్రైమర్లలో సీసం ఉంటుంది, చేతులకూ బట్టలకూ అంటుతుంది. తినే ముందు చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడుక్కోండి. సాయంత్రం బూట్లు గడప బయటే విడిచి, బట్టలు విడిగా ఉతకండి. స్నానం అయ్యాకే పిల్లల్ని ఎత్తుకోండి.