ఎం87ని చూడటం, దాని జెట్‌ను ఫొటోలో పట్టుకోవడం

టెలిస్కోప్ ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) ఎం87 గెలాక్సీ తెల్లటి మచ్చలా కనిపించగానే ‘ఇంతేనా’ అని చాలామంది పక్క గెలాక్సీకి వెళ్లిపోతారు. భుజాలు లేవు, ధూళి చారలు లేవు, కొత్త నక్షత్రాలు పుట్టే ఎర్రటి మబ్బులూ లేవు. ఇలాంటి భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీలో చూడాల్సింది ఆకారాన్ని కాదు. మధ్య నుంచి అంచుకు వెలుగు ఎలా తగ్గుతోందో చూడాలి. కంటితో చూసినా, కెమెరాతో తీసినా పని అంతా దాని చుట్టూనే.

మన ఊళ్ల నుంచి చూసేవాళ్లకు ఇది బాగా కలిసొచ్చే గెలాక్సీ. దీని డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) +12.4°, హైదరాబాద్ అక్షాంశం 17.4°. అంటే దాదాపు నడినెత్తి మీదుగా, 5° దక్షిణంగా దాటుతుంది. మార్చి ఆఖర్లో అర్ధరాత్రి 12:20 ప్రాంతంలో, ఏప్రిల్ మధ్యలో 11:20కి, మే మధ్యలో 9:20కి అక్కడికి చేరుతుంది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు మేలు. డాబ్సోనియన్ (నేల మీద తిరిగే బేస్‌పై పెట్టే అద్దాల టెలిస్కోప్) వాడేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ సమయానికి చూడాలనుకోకండి. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు కొంచెం జరపాలన్నా బేస్ మొత్తం తిప్పాల్సి వస్తుంది. గంటన్నర ముందో వెనకో చూడండి. అప్పుడు ఎత్తు 67° దగ్గర ఉంటుంది, గాలి పొర వల్ల పెద్దగా నష్టమూ ఉండదు. ఎండాకాలం పగలంతా గదిలో ఉన్న అద్దం చల్లబడటానికి కనీసం గంట కావాలి, కాబట్టి టెలిస్కోప్‌ను ముందే బయట పెట్టండి.

వెతకడానికి రెండు నక్షత్రాలు చాలు. సింహరాశి తోకలో ఉత్తర ఫల్గుణి (డెనెబోలా), కన్యారాశిలో విండెమియాట్రిక్స్. రెంటి మధ్య దూరం 18°, చెయ్యి చాచి పట్టుకుంటే దాదాపు రెండు పిడికిళ్లు. సరిగ్గా మధ్యలో ఎం84, ఎం86 గెలాక్సీలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఎం87 దొరికిందనుకుంటారు. అది ఎం86 నుంచి ఇంకా 1.25° ఆగ్నేయంగా ఉంటుంది. ఒకే ఫీల్డ్‌లో చిన్నాపెద్దా మసకలు వరసగా నాలుగైదు కనబడుతుంటే మీరింకా మార్కేరియన్ గొలుసులోనే (ఎం84, ఎం86లతో మొదలయ్యే గెలాక్సీల వరస) ఉన్నట్టు. ఎం87 పక్కన ఉండేవి ముఖ్యంగా రెండు. నైరుతి వైపు 9 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను) దూరంలో ఎన్‌జీసీ 4478 గెలాక్సీ, పడమరగా 12 ఆర్క్ నిమిషాల దూరంలో ఎన్‌జీసీ 4476. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

8 అంగుళాల ఎఫ్/6 టెలిస్కోప్‌లో 25 మి.మీ. ఐపీస్‌తో (48 రెట్లు) మొదలుపెట్టి, దొరికాక 10 మి.మీ.కి (120 రెట్లు) మారండి. కన్ను అరగంట చీకటికి అలవాటుపడాలి, ఫోన్ తెర వైపు చూడకూడదు. మచ్చను సూటిగా కాకుండా కంటికొసతో చూస్తూ ఐదు నిమిషాలు ఓపిక పడితే అంచు బయటికి జరుగుతూ పోతుంది. ఎంత వరకు కనిపించిందో కొలవొచ్చు కూడా. మోటార్ ఆపి, గెలాక్సీని ఫీల్డ్ అంచు దాటనిచ్చి, మసక మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా స్టాప్‌వాచ్ పెట్టండి. ప్రతి 4.1 సెకన్లకు ఒక ఆర్క్ నిమిషం. కేటలాగ్‌లో పొడవు 8.3 ఆర్క్ నిమిషాలని ఉంటుంది. ఊరి వెలుతురులో అందులో సగం వచ్చినా మంచిదే. యూహెచ్‌సీ, ఆక్సిజన్-3 ఫిల్టర్లు ఇక్కడ దండగ. అవి మెరిసే వాయువు కోసం చేసినవి, ఇక్కడి వెలుగంతా నక్షత్రాలది.

ఇక జెట్, అంటే గెలాక్సీ మధ్య నుంచి దూసుకొచ్చే సన్నటి ధార. 1918లో హీబర్ కర్టిస్ లిక్ అబ్జర్వేటరీ ఫొటోల్లో దీన్ని నిటారైన కిరణంగా గుర్తించాడు. 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం దగ్గర మొదలయ్యే ఈ ధార మనకు 20 ఆర్క్ సెకన్ల పొడవు కనిపిస్తుంది. కంటితో చూడాలంటే 16 అంగుళాల పైన అద్దం, 400 రెట్లు, కదలని గాలి కావాలి. కెమెరాకైతే 8 అంగుళాలు చాలు.

ముందు స్కేల్ లెక్క చూసుకోండి. పిక్సెల్ సైజును (మైక్రాన్లు) 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో (మి.మీ.) భాగించాలి. 3.76 మైక్రాన్లు, 1200 మి.మీ. అయితే పిక్సెల్‌కు 0.65 ఆర్క్ సెకన్లు, అంటే జెట్ పొడవు 31 పిక్సెళ్లు. సరిపోతుంది. 400 మి.మీ. లెన్స్‌తో 10 పిక్సెళ్లే వస్తాయి, గెలాక్సీ వెలుగులో కలిసిపోతాయి.

ఎక్స్‌పోజర్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మూడు నిమిషాల ఫ్రేముల్లో కేంద్రం తెల్లగా నిండిపోయిందంటే అందులో ఉన్న జెట్ ఇక తిరిగి రాదు, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. 20–30 సెకన్ల ఫ్రేములు వందల్లో తీసి, కేంద్రం వెలుగు కెమెరా పట్టగల గరిష్ఠంలో 70 శాతం దాటలేదని మొదటి ఫ్రేములోనే చూసుకోండి. నీలం ఫిల్టర్ ఉంటే అదే వాడండి. ముసలి నక్షత్రాల గెలాక్సీ పసుపుగా, జెట్ నీలంగా ఉంటుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. నక్షత్రాల వెడల్పు 3 ఆర్క్ సెకన్లు దాటిన ఫ్రేములు తీసేయండి.

స్టాక్ చేశాక (ఫ్రేములన్నీ ఒకటిగా కలిపాక), స్ట్రెచ్ చేయకముందే (మసక భాగాలు కనిపించేలా వెలుగు పెంచకముందే) ఒక కాపీ తీసి, దాన్ని 10–15 పిక్సెళ్ల మీడియన్ ఫిల్టర్‌తో మసకబార్చి, అసలు దాంట్లోంచి తీసేయండి. విలువలు సున్నా కిందికి పోకుండా ముందే కొంత కలపాలి. గెలాక్సీ నునుపు వెలుగు పోయి సన్నటి గీత మిగులుతుంది. అది జెట్టేనా అన్నదానికి దిక్కే సాక్ష్యం. కేంద్రం నుంచి ఎన్‌జీసీ 4476 వైపు గీత ఊహించుకుని, దాన్ని ఉత్తరానికి 30° తిప్పితే జెట్ దిశ వస్తుంది. నక్షత్రాలన్నింటికీ అదే వైపు తోకలుంటే అది గైడింగ్ (టెలిస్కోప్ ఆకాశాన్ని వెంబడించడంలో) లోపం. కెమెరా తిప్పి మళ్లీ తీసినప్పుడు గీత పక్క గెలాక్సీలతో కాకుండా ఫ్రేముతో పాటు తిరిగితే అది పరికరం వల్ల వచ్చినదే.

గెలాక్సీ చుట్టూ ఉండే మసక వెలుగు, అంటే బయటి ప్రభ కోసం వేరే సెట్ తీయాలి, 120–180 సెకన్ల ఫ్రేములు. ఫ్లాట్స్ (సమానంగా వెలిగే తెరను తీసిన సరిచూపు ఫ్రేములు) సరిగా లేకపోతే విన్యెటింగ్‌ను (ఫొటో అంచులు చీకటిగా రావడాన్ని) ప్రభ అనుకునే ప్రమాదం ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే టూల్ పెట్టే గుర్తులు ఎన్‌జీసీ 4476 కంటే దూరంగా ఉండాలి. ఆటోమేటిక్‌కు వదిలేస్తే ఆ గుర్తులు ప్రభ మీదే పడి, ఉన్నదాన్ని కాస్తా తుడిచేస్తాయి. జాగ్రత్తగా చేస్తే లోపల గుండ్రంగా ఉన్న గెలాక్సీ బయటికి పోయే కొద్దీ వాయవ్య–ఆగ్నేయ దిశల్లో సాగుతుందని మీ ఫొటోలోనే తెలుస్తుంది.

ఓపికుంటే అదే ఫొటోలో గోళాకార నక్షత్ర గుచ్ఛాలనూ వెతకొచ్చు. పాలపుంతలో ఇవి 150కి పైచిలుకు, ఎం87లో 12,000 దాకా ఉన్నాయని అంచనా. వాటిలో కాంతిమంతమైనవే 20వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగే కొద్దీ మసక) దగ్గర ఉంటాయి, చూడటానికి నక్షత్రాల్లాగే ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టలేరు. కేంద్రం చుట్టూ 5 ఆర్క్ నిమిషాల వలయంలో చుక్కలు లెక్కపెట్టి, అరడిగ్రీ దూరంలో అంతే వైశాల్యంలో ఉన్నవాటితో పోల్చండి. ఎక్కువ వచ్చిన చుక్కల్లో చాలావరకు అవే.