వేలి కొస వాలిపోతే స్ప్లింట్ ఎలా వాడాలి

క్యాచ్ పట్టబోతే బంతి వేలి కొసకు తగులుతుంది, లేదా పరుపు కింద దుప్పటి దోపుతుంటే వేలు మడత పడుతుంది. ఆ తర్వాత చివరి కణుపు కిందికి వాలి, ఎంత ప్రయత్నించినా లేవదు. వేలిని పైకి లాగే స్నాయువు గోటి దగ్గరి ఎముక నుంచి తెగిందన్నమాట. ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామంది వదిలేస్తారు, అదే పొరపాటు.

ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముక ముక్క పెద్దదిగా ఊడినా, కీలు పక్కకు జరిగినా ఆపరేషన్ అవసరం పడొచ్చు. లేకపోతే స్ప్లింట్ (వేలిని కదలకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు) చాలు. చివరి కీలును మాత్రమే నిటారుగా ఉంచాలి, మధ్య కీలు మామూలుగా వంగుతుండాలి. 6 నుంచి 8 వారాలు, రాత్రీ పగలూ.

అసలు చిక్కు స్ప్లింట్ మార్చేటప్పుడే. అరచేయి కిందికి ఉండేలా చేతిని బల్లమీద ఆనించండి. వేలి కొసను బల్లకు అదిమి ఉంచి స్ప్లింట్‌ను ముందుకు జారవిడవండి. చర్మం తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ తొడిగి టేపు వేయండి. ఈలోగా కొస ఒక్కసారి వాలినా వారాల లెక్క మళ్లీ మొదటికే! పక్కన ఇంకొకరుంటే నయం.

కీలు పైచర్మం తెల్లబడితే వేలు మరీ వెనక్కి వంగిందని అర్థం, కాస్త సడలించాలి. తడి స్ప్లింట్ అలాగే ఉంచితే చర్మం నానిపోయి పుండు పడుతుంది.

గడువయ్యాక మరో 2 నుంచి 4 వారాలు రాత్రిళ్లు మాత్రం పెట్టుకోండి. వేలిని బలవంతంగా మడవొద్దు.