ఇంట్లోనే పాత ఫిల్మ్ కెమెరా మరమ్మతు – 4వ పాఠం: లైట్ లీక్

గత పాఠంలో షట్టర్ వేగాలు చూసుకున్నాం. ఈసారి వెనక తలుపు పని: దాని సందుల్లోంచి వెలుతురు దూరి (ఇదే లైట్ లీక్) ఫిల్మ్ మీద మరకలు పడకుండా చూసుకోవడం. నమూనాగా పెంటాక్స్ కె1000 తీసుకుందాం. 1976లో వచ్చిన ఈ మోడల్ ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది, విప్పకుండానే ఈ మరమ్మతు చేసుకోవచ్చు.

తలుపు అంచులు దిగే గాడుల్లో, కీలు పక్కన, లోపలి అద్దం పైకి లేచి తగిలే చోట నల్లటి ఫోమ్ ఉంటుంది. తలుపు దగ్గర వెలుతురుని ఆపేది ఇదే. అది పాలీయూరిథేన్. గాలిలోని తేమ దాన్ని ఏళ్ళ తరబడి విరగ్గొడుతూ వస్తుంది. కొన్నిచోట్ల పొడిగా రాలుతుంది, కొన్నిచోట్ల తారులా బంక కడుతుంది. విశాఖ సముద్రపు గాలికి బీరువాలో ఇరవై ఏళ్ళు పడున్న కెమెరాలో ఫోమ్ బాగుందని నమ్మకండి. టూత్‌పిక్‌తో నొక్కి చూడండి. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయినా, పుల్లకి అంటుకున్నా దాని పని అయిపోయినట్టే.

ముందు లీక్ ఎక్కడిదో నెగెటివే చెబుతుంది. ల్యాబ్ పంపే స్కాన్‌లో అంచులు కత్తిరించి ఉంటాయి కాబట్టి నెగెటివ్‌నే కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. నల్లటి మరక ఫ్రేము దాటి, ఫిల్మ్ అంచున వరసగా ఉండే పళ్ళ రంధ్రాల దాకా పాకితే తప్పు తలుపుది. ఫ్రేము లోపలే ఆగిపోతే షట్టర్ తెరని అనుమానించాలి. ఇంకొకటి గుర్తుంచుకోండి: ఫిల్మ్ మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి పడుతుంది. ఫొటోలో ఎడమ అంచున నారింజ రంగు చార (నెగెటివ్‌లో నల్లగా ఉండేదే) కనిపిస్తే, కెమెరాని వెనకనుంచి చూసినప్పుడు కుడివైపు, అంటే కీలు వైపు వెతకాలి.

సామాను తక్కువే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేరు సామాన్ల షాపులో అడగండి. మందుల షాపులో దొరికే 70 శాతం దాంట్లో నీళ్ళు ఎక్కువ. టూత్‌పిక్‌లు, ఇయర్‌బడ్స్, కొబ్బరి చీపురు పుల్ల ఒకటి చాలు. చీపురు పుల్ల కొసని ఉలిలా ఏటవాలుగా కోసుకుంటే గాడిలో చక్కగా దిగుతుంది, పెయింటు గీసుకుపోదు. స్క్రూడ్రైవరు మాత్రం వాడకండి. ఆల్కహాల్ మండే సరుకు, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి కూర్చోండి.

తలుపు తీశాక మొదటి పని షట్టర్ తెరని కాపాడుకోవడం. కె1000లో అది రబ్బరు పూత పూసిన గుడ్డ. వేలు తగలకూడదు, ఆల్కహాల్ చుక్క అసలే పడకూడదు. ఫిల్మ్ గేటు (వెలుతురు ఫిల్మ్ మీద పడే కిటికీ) కన్నా కాస్త పెద్దగా కాగితం కోసి, చుట్టూ ఉన్న లోహానికి మాత్రమే మాస్కింగ్ టేపు అంటించండి. కెమెరాని తెరిచిన వైపు కిందికి వంచి పట్టుకుంటే పొడి లోపలికి పోకుండా రాలిపోతుంది. ముందు పొడిగానే గీకండి. తర్వాత ఇయర్‌బడ్‌తో కొంచెం ఆల్కహాల్ అద్ది, రెండు నిమిషాలాగి పుల్లతో తోడండి. బంక సాగుతూ నల్లటి తీగలా వస్తుంది. ఇయర్‌బడ్ తెల్లగా తిరిగి వచ్చేదాకా తుడవాలి. ఇక్కడ తొందరపడితే కొత్త సీలు పాత జిడ్డు మీద నిలవదు.

గాడుల్లోకి ఫోమే అక్కర్లేదు, నల్ల ఉన్ని దారం మేలు. తేమకి బంక కట్టదు. విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు దారాల కొట్లలో అడగండి. గాడి నిండా కొద్దిగా ఒత్తుగా పరిచి, రెండు కొసల్లో మాత్రం చుక్క జిగురు పెట్టండి. కీలు దగ్గర వెనక జిగురున్న పలచటి నల్ల వెల్వెట్ పట్టీ సరిపోతుంది. జిగురు వైపు కాస్త నీళ్ళు రాస్తే అంటుకునేలోపు అటూ ఇటూ జరుపుకోవచ్చు, రాత్రికి ఆరి పట్టేస్తుంది. పిల్లల క్రాఫ్ట్ ఫోమ్ షీటు వద్దు. అది సరిగ్గా నలగదు, తలుపు ఉబ్బుతుంది, లోపలి ప్లేటు ఫిల్మ్‌ని సరిగ్గా అదమక ఫోకస్ చెడుతుంది. తలుపు రెండు వేళ్ళతో మూసుకోవాలి. గట్టిగా నొక్కాల్సి వస్తే దారం ఎక్కువైనట్టు.

అద్దం దగ్గరి పట్టీ వేరే కథ. అక్కడ మెత్తటి ఫోమే కావాలి, పాతదాని మందం కొలుచుకుని అంతే వేయండి. ఎక్కువైతే అద్దం పూర్తిగా లేవదు. లెన్సు తీసి కెమెరా నోరు కిందికి పెట్టి, అద్దం పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద మెత్తటి టిష్యూ కప్పి పని చేయండి. ఆ స్క్రీను ప్లాస్టిక్, ఆల్కహాల్ తగిలితే మసకబారుతుంది. అద్దానికి మెరిసే పూత పైవైపే ఉంటుంది, ఒక్క తుడుపుకే గీత పడుతుంది. మురికిగా కనిపించినా బ్లోయర్‌తో ఊదండి, అంతే.

పరీక్షకి ఒక రోలు వేసి నాలుగు ఫ్రేములు తీయండి. లెన్సుకి మూత పెట్టి, మధ్యాహ్నపు ఎండలో కెమెరా ఒక్కో వైపుని నిమిషం చొప్పున సూర్యుడికి చూపించండి. రెండు ఫ్రేములు ఖాళీగా తిప్పి మిగతా రోలు మామూలుగా వాడుకోండి. కడిగాక ఎండ చూపించిన చోట నెగెటివ్ పళ్ళ రంధ్రాల అంచుల దాకా తేటగా ఉంటే తలుపు బాగుపడింది. అయినా మామూలుగా తీసిన ఫ్రేముల లోపల నల్లటి చుక్కలు పడితే అది గుడ్డ తెరలో సూదిమొన చిల్లు. దాన్ని పూడ్చడం 5వ పాఠం.