పెద్దవారికి గ్రాఫిక్ నవల ఇవ్వదలచినప్పుడు

బొమ్మల కథ అనగానే మన తెలుగువారిలో ఎక్కువమందికి చందమామ గుర్తుకు వస్తుంది. 1947లో మద్రాసు నుంచి మొదలైన ఆ పత్రిక ఎన్ని తరాలవారికి చదివే అలవాటు నేర్పిందో చెప్పనక్కరలేదు. అయితే ఆ అభిమానంతో పాటే, బొమ్మలున్న పుస్తకమంటే పిల్లల పుస్తకమేనన్న నమ్మకం కూడా మనలో గట్టిగా నాటుకుపోయింది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, రోజూ పత్రిక చదువుతూ, వీలు దొరికినప్పుడల్లా మంచి నవల కోసం వెతికే పెద్దమనిషికి ఒక గ్రాఫిక్ నవల, అంటే బొమ్మలతోనే సాగే పెద్ద కథ, ఇస్తే, ఆయన మర్యాదకు తీసుకుని ఇంట్లో పిల్లవాడి చేతిలో పెట్టేస్తారు. అందులో యుద్ధమూ చావూ కులవివక్షా ముసలితనమూ ఉన్నాయని ఆయనకు తెలిసే అవకాశమే ఉండదు.

ఇటువంటివారికి ప్రపంచ ప్రసిద్ధమైన పుస్తకాల జాబితా ఒకటి వాట్సాప్‌లో పంపి ఊరుకోవడం వల్ల ప్రయోజనం లేదు. జాబితాలో మొదట ఉన్న పుస్తకం ఆయనకు మొదటి పుస్తకంగా పనికిరాకపోవచ్చు. ముందు మనిషిని తెలుసుకుని, ఆ తర్వాతే పుస్తకం ఎంచాలి.

తెలుసుకోవడానికి పెద్ద విచారణ ఏమీ అవసరం లేదు. 'మీకు కామిక్స్ ఇష్టమా' అని మాత్రం అడగవద్దు. చాలామంది లేదనే అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఈమధ్య ఏ పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదో, పత్రికలో ముందుగా ఏ పేజీ తెరుస్తారో, స్వీయచరిత్రలు ఇష్టమో చరిత్ర ఇష్టమో అడగండి. ఏ విషయం చదవలేరో కూడా అడగండి. ఇటీవల ఇంట్లో మరణం జరిగినవారికి మరణం చుట్టూ తిరిగే పుస్తకం ఇవ్వడం, అది ఎంత గొప్పదైనా, మంచిది కాదు. ఇంగ్లీషు ఎంత సులువుగా చదువుతారో గమనించాలి, ఎందుకంటే ఇక్కడి దుకాణాలలో దొరికే గ్రాఫిక్ నవలలు ఎక్కువ భాగం ఇంగ్లీషువే. కంటిచూపు సంగతి కూడా మరచిపోకూడదు. ఈ పుస్తకాలలో అక్షరాలు చేతిరాతలాగా చిన్నగా ఉంటాయి. యాభై దాటినవారికి ఇచ్చే ముందు ఒక పేజీ తెరచి చూపించి, చదవడానికి వీలుగా ఉందో లేదో వారినే అడగడం మేలు.

ఇంగ్లీషు అంతగా రానివారికి, లేదా అసలు ఈ రకం పుస్తకమే కొత్త అయినవారికి, నేను ముందుగా సూచించేది షాన్ టాన్ 2006లో ప్రచురించిన 'ది అరైవల్'. అందులో చదవవలసిన మాట ఒక్కటీ లేదు. భార్యనూ కూతురినీ ఊళ్ళో వదిలి, బతుకుతెరువు కోసం తెలియని దేశానికి వెళ్ళిన ఒక మనిషి కథ అది. మొదటి పేజీలో మనిషే కనిపించడు. కాగితంతో మడిచిన పక్షి, గోడ గడియారం, టోపీ, వంటపాత్ర, చిన్నపిల్ల వేసిన బొమ్మ, టీ కూజా, కప్పు, పెట్టె, కుటుంబం ఫోటో: ఇలా చిన్న చిన్న గళ్ళలో ఒక ఇల్లు మొత్తం కనిపిస్తుంది. పేజీ తిప్పిన తర్వాతే ఆ ఫోటోను జాగ్రత్తగా చుట్టి పెట్టెలో పెడుతున్న చేతులు కనబడతాయి. అతడు చేరుకున్న నగరంలోని లిపిని రచయితే కల్పించాడు కాబట్టి, ఆ బోర్డుల ముందు ఆ మనిషి ఎంత నిస్సహాయుడో పాఠకుడూ అంతే నిస్సహాయుడవుతాడు. కన్నడ లిపి మన లిపికి దగ్గరది కాబట్టి మనం బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేస్తాము గాని, కడప నుంచో నెల్లూరు నుంచో వచ్చి కృష్ణరాజపురం స్టేషన్‌లో మొదటిసారి దిగినవారికి ఆ పేజీలలోని బెరుకు తెలియనిది కాదు. పిల్లల దగ్గర ఉండడానికి బెంగళూరు వచ్చి, పగలంతా ఫ్లాటులో ఒంటరిగా గడిపే అమ్మకో అత్తయ్యకో ఇవ్వడానికి ఇంతకంటే తగిన పుస్తకం నాకు తెలియదు.

స్వీయచరిత్రలు ఇష్టపడేవారికి మర్జానె సత్రపి రాసిన 'పెర్సెపొలిస్' ఇవ్వవచ్చు. ఇరాన్‌లో 1979 విప్లవాన్ని, తర్వాతి యుద్ధాన్ని ఒక చిన్న అమ్మాయి కళ్ళతో చూపే ఈ పుస్తకం ఫ్రెంచిలో 2000 నుంచి 2003 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. బొమ్మలు నలుపు తెలుపులలో, మెత్తని పలక మీద చెక్కి వేసే లినో అచ్చులాగా సరళంగా ఉంటాయి, వాక్యాలు చిన్నవి. కొత్త పాఠకులు దీనిలో దారి తప్పరు.

ఇక మన దేశపు పుస్తకాలలో ప్రతి తెలుగు పాఠకుడికీ చూపించాలని నేను గట్టిగా కోరుకునేది నవయాన సంస్థ 2011లో ప్రచురించిన 'భీమాయన'. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది, బొమ్మలు పర్ధాన్ గోండు కళాకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. అంబేద్కర్ జీవితంలో నీరు, నీడ, ప్రయాణం అనే మూడింటి చుట్టూ జరిగిన అవమానాలను ఈ పుస్తకం చెబుతుంది. 1901లో తండ్రిని చూడడానికి ఇంట్లోని తోటి పిల్లలతో రైలు దిగిన బాలుడు భీమ్, తమ కులం తెలియగానే బండివాళ్ళు మొహం తిప్పుకోవడం చూస్తాడు. 1917లో విదేశాలలో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు తల దాచుకునే చోటు దొరకదు. అద్దె ఇల్లు వెతుకుతూ ఇంటిపేరు గురించీ తిండి గురించీ ప్రశ్నలు ఎదుర్కొన్నవారు బెంగళూరులో తక్కువేమీ కాదు. వారికి ఈ భాగం పాత చరిత్రగా అనిపించదు.

ఈ పుస్తకం ఇచ్చేటప్పుడు మాటల బుడగలను దగ్గరగా చూడమని చెప్పండి. మెత్తగా మాట్లాడేవారి మాటలు, కులం బాధ పడినవారి మాటలు పక్షి ఆకారంలోని బుడగలో ఉంటాయి. విషం కక్కే మాటలకు తేలు తోక ఉంటుంది. మనసులో అనుకునే మాటల బుడగకు ఒక కన్ను ఉంటుంది. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిస్తే, ఎవరు ఎటువంటి మనిషో మాట చదవకముందే అర్థమవుతుంది. మనుషులను డబ్బాలలో బంధించడం తమకు ఇష్టం లేదని ఆ కళాకారులిద్దరూ స్పష్టంగా చెప్పారు. అందుకే పేజీలలో నలుపలకల గళ్ళు ఉండవు. గోండులు ఇంటి గోడలమీదా నేలమీదా వేసే దిగ్నా ముగ్గుల వంటి అంచులే ఒక సంఘటనను మరొక సంఘటన నుంచి వేరు చేస్తాయి. మామూలు కామిక్స్‌కు అలవాటు పడినవారు ఇక్కడ మొదట కొంచెం తడబడతారు. ఏ కామిక్స్ చదవనివారికి ఆ ఇబ్బంది ఉండకపోవడం నేను గమనించాను.

ఇది నచ్చినవారికి తర్వాత ఒరిజిత్ సేన్ 1994లో చేసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్' ఇవ్వవచ్చు. నర్మదా లోయలో ఆనకట్ట వల్ల నిర్వాసితులయ్యే ఆదివాసీల కథ అది. చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ సంస్థ 2022లో దానిని మళ్ళీ తెచ్చింది. పోలవరం ముంపు గ్రామాల వార్తలు చదువుతూ వచ్చినవారికి దాని నేపథ్యం వివరించవలసిన పని ఉండదు. కాశ్మీర్ గురించి మాలిక్ సజాద్ గీసిన 'మున్ను' 2015లో వచ్చింది. అందులో కాశ్మీరీలు హంగుల్ జింకల రూపంలో కనిపిస్తారు.

ఆర్ట్ స్పీగెల్మన్ 'మౌస్' పేరు ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. హిట్లర్ కాలంలో పోలండ్ యూదులు అనుభవించిన నరకాన్ని, దానినుంచి బతికి బయటపడిన తన తండ్రి నోట విని ఆయన గీశాడు. 1992లో దానికి ప్రత్యేక పులిట్జర్ పురస్కారం వచ్చింది. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. ఈ మాట మాత్రమే చెప్పి పుస్తకం చేతికిస్తే అది పంచతంత్రం వంటిదని పొరపడతారు. అందువల్ల నేను మొదటి అధ్యాయంలోని ఒక బొమ్మ చూపిస్తాను. తండ్రి ఇంట్లో వ్యాయామం సైకిలు తొక్కుతూ పాత సంగతులు చెప్పడం మొదలుపెడతాడు. హ్యాండిల్ పట్టుకున్న అతని చేతిమీద నాజీ నిర్బంధ శిబిరంలో పొడిచిన పచ్చబొట్టు అంకె కనిపిస్తుంది, ఆ చేయి వెనుక కొడుకు కూర్చుని ఉంటాడు. తండ్రి అనుభవించినది కొడుకు బతుకును ఎలా చుట్టుకుని ఉందో ఆ ఒక్క గడిలో తెలిసిపోతుంది. అయినా దీనిని మొదటి పుస్తకంగా అందరికీ ఇవ్వవద్దు. ఇందులో రచయిత తల్లి ఆత్మహత్య గురించి ప్రత్యేకంగా కొన్ని పేజీలు ఉన్నాయి. ఆ సంగతి ముందుగా చెప్పి తీరాలి. ఇస్తే రెండు భాగాలూ కలిపి ఇవ్వాలి. మొదటి భాగం దగ్గర ఆగిపోతే కథ సగంలో తెగిపోతుంది.

ఈ నగరంలో మనవాళ్ళు ఎక్కువమంది ఇంజనీర్లు కాబట్టి 'లాజికామిక్స్' గురించి కూడా చెప్పాలి. 2009లో ఇంగ్లీషులో వచ్చిన ఈ పుస్తకం బెర్ట్రాండ్ రస్సెల్ జీవితం ద్వారా గణితానికి పునాదుల అన్వేషణను కథగా చెబుతుంది. రచయితలలో ఒకరైన క్రిస్టోస్ పాపడిమిత్రియు స్వయంగా కంప్యూటర్ శాస్త్రవేత్త. కథ కోసం కొన్ని సమావేశాలను కల్పించారని రచయితలే ఒప్పుకున్నారు కాబట్టి దీనిని చరిత్ర గ్రంథంగా కాక నవలగానే చదవమనాలి. ఇక అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' 1986, 87లలో పన్నెండు సంచికలుగా వచ్చింది. సూపర్ హీరోల కథలు ఎలా నడుస్తాయో తెలిసినవారికే దాని విమర్శ పూర్తిగా అందుతుంది. సూపర్ హీరో సినిమాలు వదలకుండా చూసే సహోద్యోగికి నిస్సంకోచంగా ఇవ్వవచ్చు; మిగతావారు దానిని మూడో పుస్తకంగానో నాలుగో పుస్తకంగానో చదివితే చాలు.

ఊళ్ళో వృద్ధులైన అమ్మానాన్నలను వదిలి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవారికి రోజ్ చాస్ట్ 2014లో ప్రచురించిన జ్ఞాపకాల పుస్తకం ఇవ్వాలనుకుంటాను. తొంభై దాటిన తల్లిదండ్రులను చూసుకోవడంలోని ఖర్చు, విసుగు, అపరాధభావం, ప్రేమ అన్నీ దాచకుండా గీశారామె. ఖాళీ చేయవలసి వచ్చిన వారి ఇంట్లో పోగుపడిన వస్తువుల ఫోటోలు కూడా అందులో ఉన్నాయి. చివర తల్లి ఆఖరి రోజులలో మంచం పక్కన కూర్చుని గీసిన బొమ్మలు చూడడం కష్టంగానే ఉంటుంది. అందుకే ఆమె పేరు చెప్పి, విషయం చెప్పి, 'ఇప్పుడు చదవగలరా' అని అడిగాకే ఇవ్వాలి.

పెద్దల పుస్తకం అనగానే రక్తమూ నగ్నత్వమూ ఉన్నదని అనుకోనక్కరలేదు. అవి లేకుండానే 'ది అరైవల్' పెద్దల మనసును కదిలిస్తుంది. అవి నిండుగా ఉన్నా ఆలోచనకు ఏమీ మిగల్చని పుస్తకాలూ ఉన్నాయి. అయితే ఉన్నప్పుడు చెప్పడం మన బాధ్యత. అచ్చులో హింస ఎదురైతే పాఠకుడు రెండు వాక్యాలు దాటవేయగలడు గాని, బొమ్మ పేజీ తిప్పిన క్షణంలోనే కంటబడుతుంది. హిరోషిమా బాంబు నుంచి ఆరేళ్ళ వయసులో బయటపడిన కెయిజి నకజావా గీసిన 'బేర్‌ఫుట్ జెన్' ఇచ్చేటప్పుడు కాలిన శరీరాల బొమ్మలు ఉన్నాయని చెప్పాలి. అమృతా పాటిల్ 2008లో తెచ్చిన 'కారి' చాలా మంచి పుస్తకం, కాని ఇద్దరు స్త్రీల ఆత్మహత్యా ప్రయత్నంతోనే మొదలవుతుంది. ఇంట్లో పిల్లలుంటే, బొమ్మలు చూసి వాళ్ళే ముందు తీసుకుంటారు కాబట్టి ఇటువంటివి పై అరలో పెట్టమని కూడా చెప్పండి.

పుస్తకం ఎంచిన తర్వాత మొదటి పది పేజీలు పక్కన కూర్చుని చదవడం చాలా ఉపయోగపడుతుంది. నవలలకు అలవాటు పడినవారి కన్ను మాటల మీదనుంచి మాటల మీదికి గెంతి, గంటలో పుస్తకం ముగించి, 'ఇంతేనా' అంటుంది. ప్రతి పేజీలో మాటలు చదివాక బొమ్మల కోసం మళ్ళీ పైనుంచి ఒకసారి చూడమనండి. రెండు గళ్ళ నడుమ ఖాళీలో ఏమి జరిగి ఉంటుందో పాఠకుడే పూరించుకుంటాడని, కామిక్స్‌కు ప్రాణం అక్కడే ఉందని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో తెచ్చిన తన పుస్తకంలో బొమ్మలతోనే వివరించాడు. ఆ సంగతి మనం మాటలలో చెబితే ఉపన్యాసమవుతుంది. ఒక పేజీ మీద వేలు పెట్టి చూపిస్తే క్షణంలో తెలుస్తుంది.

కొనడానికి ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషన్‌లో దిగి చర్చి స్ట్రీట్‌కు నడిచి వెళ్ళండి. బ్లాసమ్, బుక్‌వార్మ్ దుకాణాలలో కొత్తవాటితో పాటు పాత పుస్తకాలూ ఉంటాయి. గ్రాఫిక్ నవలల ధర మామూలు నవలల కంటే ఎక్కువ కాబట్టి ముందు పాత ప్రతి కోసం చూడడం తెలివైన పని. పాత ప్రతిలో పేజీలు ఊడలేదని, బొమ్మల మీద మరకలు లేవని చూసుకోవాలి. ప్లాస్టిక్ కవరు వేసి ఉంటే, విప్పి చూపించమని అడగండి. అక్షరాల పరిమాణం తెలియకుండా పెద్దవారికోసం కొనకూడదు. ఫోనులో పీడీఎఫ్ పంపడం మాత్రం వద్దు. ఎదురెదురు పేజీలు కలిపి గీసిన బొమ్మ ఫోనులో రెండు ముక్కలవుతుంది, కళాకారుడికి రావలసిన డబ్బూ రాదు.

ఇచ్చిన తర్వాత రెండు మూడు వారాలు అడగకుండా ఉండండి. అడిగినప్పుడు 'ఎలా ఉంది' అంటే 'బాగుంది' అన్న జవాబే వస్తుంది. ఏ పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగారో అడిగితే అసలు మాట బయటికి వస్తుంది. బొమ్మల దగ్గర ఆగానన్నవారికి తర్వాత మాటలు తక్కువగా ఉన్న పుస్తకం ఇవ్వాలి. జరిగిన సంఘటనల దగ్గర ఆగానన్నవారికి విలేకరిగా తిరిగి బొమ్మలలో వార్తలు రాసే జో సాకో 'పాలస్తీన్' ఇవ్వవచ్చు. చదవలేకపోయానని చెబితే కారణం ఒక్కటి అడిగి, పుస్తకం వెనక్కు తీసుకుని, ఆ కారణాన్ని బట్టే రెండోది ఎంచండి.