ఫిట్స్ మాత్రలు వాడుతున్నప్పుడు తలనొప్పి వస్తే ఏం చేయాలి?

ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకు తలనొప్పి వస్తే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే. "ఆ మాత్రల వల్లే అయ్యుంటుంది, ఓ రెండు రోజులు ఆపి చూడు." ఈ జబ్బులో ఇంతకంటే చెడ్డ సలహా ఇంకోటి లేదు. మాత్ర హఠాత్తుగా ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి. ఒక్కోసారి ఒకదాని వెంట ఒకటి తెరిపి లేకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. ఏళ్ల తరబడి ఈ మాత్రలు మింగుతూ తలనొప్పితో వేగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను: తలనొప్పికి ఏం చేసినా సరే, ఫిట్స్ మాత్ర మాత్రం దాని టైముకి పడాల్సిందే. దాని జోలికి వెళ్లకుండానే మిగతా పనంతా చేయొచ్చు.

కావలసినవి

చిన్న నోట్‌బుక్, పెన్సిల్, గడియారం, చన్నీళ్లలో ముంచిన గుడ్డ, మీరు వాడే మందుల పేర్లూ డోసులూ రాసిన చీటీ. ఫోన్‌లో యాప్ ఉందిగా అంటారు. వద్దు. తల పగిలిపోతున్నప్పుడు ఆ వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. పైగా ఫిట్ వచ్చి మీరు తెలివిలో లేనప్పుడు మీ ఫోన్ తెరిచి రాసేదెవరు? నోట్‌బుక్ అయితే ఇంట్లో ఎవరైనా రాస్తారు.

మొదట: ఇది ఇంట్లో చూసుకునే నొప్పేనా?

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు మొదలై, మునుపెన్నడూ ఎరగనంత నొప్పి వస్తే ఇంట్లో కూర్చోకూడదు. జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, ఒక వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పినా అంతే. ఫిట్‌లో పడి తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతూ పోతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా "ఫిట్ తర్వాత మామూలేలే" అని పడుకోబెట్టకండి. ఫిట్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది వచ్చినా అంబులెన్స్ పిలవాలి.

మీరు వాడే ఫిట్స్ మందును బట్టి ఇంకో మూడు సంగతులున్నాయి. టొపిరమేట్ మొదలుపెట్టిన తొలి నెలలో కంట్లో నొప్పి, ఉన్నట్టుండి చూపు మసకబారడం ఉంటే కంట్లో ఒత్తిడి పెరుగుతోందేమో అదే రోజు చూపించుకోవాలి. లామోట్రిజిన్ వాడేవాళ్లకు అరుదుగా మెదడు పొరలు వాచి తలనొప్పి, జ్వరం, మెడ బిగుతు రావచ్చు. ఈ హెచ్చరికను అమెరికా ఔషధ సంస్థ 2010లో ప్రకటించింది. అదే మందుకి ఒంటిమీద దద్దుర్లు వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాల్‌ప్రొయేట్ మీద ఉన్నవాళ్లు వాంతులతో, మబ్బుగా, అయోమయంగా ఉంటే రక్తంలో అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. నిద్ర సరిపోలేదనుకుని వదిలేసేది సాధారణంగా దీన్నే.

తర్వాత: టైము రాయండి

ఏ మాత్రా మింగకముందే నొప్పి ఎప్పుడు మొదలైందో రాయండి. ఫిట్స్ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, కిందటి ఫిట్ ఎప్పుడు వచ్చిందో కూడా రాయండి. చాలామంది "ఈ నెల తలనొప్పి బాగా ఎక్కువగా ఉంది డాక్టర్" అని చెప్పి ఊరుకుంటారు. ఆ మాటతో ఆయనేం చేస్తాడు పాపం?

నోట్‌బుక్‌లో ఇలా ఉందనుకోండి: "8.00 మాత్ర. 9.30 కుడి కణత, తల తిరుగుడు. 11.30 తగ్గింది." ఇదే నాలుగైదు రోజులు కనబడితే, మాత్ర వేసుకున్నాక రక్తంలో మందు ఎక్కువయ్యే వేళకి నొప్పి వస్తోందన్నమాట. దానికి మందు మానక్కర్లేదు. డోసును విడగొట్టడమో, నెమ్మదిగా కరిగే రకానికి మార్చడమో డాక్టరు చేస్తారు. ఆ నెమ్మదిగా కరిగే మాత్రను నలిపి మింగితే మందంతా ఒక్కసారే దిగి మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో రకం: "పొద్దున లేవగానే తలంతా నొప్పి. నాలుక అంచున గాయం. ఒళ్లంతా పచ్చిపుండు. పక్క తడి." ఇది మాత్ర చేసిన నొప్పి కాదు. రాత్రి నిద్రలో ఫిట్ వచ్చి వెళ్లింది, మీకు తెలియలేదు. ఫిట్ తర్వాత తలనొప్పి రావడం చాలా మామూలు. తరచుగా అది మైగ్రేన్‌లాగే వికారంతో, వెలుతురు పడకుండా వస్తుంది. చూడండి, ఇలాంటి మనిషి తలనొప్పికి మాత్రే కారణమని డోసు తగ్గించుకుంటే ఏమవుతుంది? ఫిట్స్ పెరుగుతాయి, వాటి వెనకే తలనొప్పులూ పెరుగుతాయి. టైము రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొత్తగా ఇంకేదైనా మందు మొదలైందా అన్నదీ రాయాలి. గొంతునొప్పికో దగ్గుకో ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వేసుకుంటే కార్బమజెపిన్ రక్తంలో పేరుకుపోతుంది. తలనొప్పితో పాటు ఒకటి రెండుగా కనబడటం, నడకలో తూలడం దాని గుర్తులు. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజన్ లామోట్రిజిన్‌ను తగ్గిస్తుంది. నెలలో ఆ గర్భనిరోధక మాత్రలు ఆపే వారంలో లామోట్రిజిన్ మళ్లీ పైకెక్కుతుంది. నెలలో అదే వారం తల తిరుగుడూ నొప్పీ వస్తుంటే క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి.

ఆ తర్వాత: గుడ్డ, చీకటి, నిద్ర

తడిగుడ్డ కళ్ల మీదుగా నుదుటి మీద వేసుకుని చీకటి గదిలో పడుకోండి. పగటి నిద్ర గంట దాటకూడదు. దాటితే రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఫిట్స్‌కి దారి ఇచ్చినట్టే. కాఫీ, టీ రోజూ తాగేంతే తాగండి. తలనొప్పి కదా అని మానేస్తే మానినందుకే ఇంకో తలనొప్పి వస్తుంది.

నీళ్ల విషయంలో ఒక మాట. "నీళ్లు బాగా తాగు" అన్న సలహా అందరికీ పనికిరాదు. టొపిరమేట్ వాడేవాళ్లు కిడ్నీలో రాళ్లు రాకుండా ధారాళంగా తాగాలి, సరే. ఆక్స్‌కార్బజెపిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లకు రక్తంలో సోడియం తగ్గే అవకాశం ఉంది. సోడియం తగ్గితే వచ్చే మొదటి ఇబ్బందుల్లో తలనొప్పీ వికారమూ ఉంటాయి. అప్పుడు లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది, మరీ తగ్గితే ఫిట్సే వస్తాయి. ఈ రెండిటిలో ఏది వాడుతున్నా దాహం వేసినంతే తాగండి. నొప్పి, వికారం, అయోమయం కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

అసలు చిక్కు: నొప్పి మాత్ర

జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మందుల షాపుకి వెళ్లి "తలనొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటారు. ఆ "ఏదైనా" మీకు సరిపడదు. మీరు ఫిట్స్ మాత్రలు వాడుతున్నారని మొదట చెప్పండి, చీటీ చూపించండి, తర్వాత మందు అడగండి. సిగ్గుపడే విషయం కాదిది.

సాధారణంగా మొదట వేసుకోదగ్గది ఒట్టి పారాసిటమాల్. ఒట్టి అంటే ఇంకేదీ కలవనిది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ముందు వైపు పేరు పెద్దగా ఉంటుంది. వెనకాల పారాసిటమాల్ కింద ట్రమడాల్ అనో, కెఫీన్ అనో, జలుబు మందు పేరో ఉంటుంది. ట్రమడాల్ ఉంటే తిరిగి ఇచ్చేయండి. అది ఫిట్స్‌ను రేపగల నొప్పిమందు. ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టరు అన్నీ తెలిసి రాస్తే తప్ప దాన్ని ముట్టకూడదు. డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాతతరం అలర్జీ మందులు కూడా కొందరిలో ఫిట్స్‌కి ఊతమిస్తాయి. తలనొప్పీ ముక్కు దిబ్బడా కలిసి వచ్చినప్పుడు వేసుకునే మాత్రల్లో ఇవి దాక్కుని ఉంటాయి.

పారాసిటమాల్ అయినా సరే, లెక్క ఉండాలి. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు పైహద్దు. అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది. ఆ హద్దు మీది కాకపోవచ్చు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తిస్తాయి. అప్పుడు పారాసిటమాల్ విరిగి కాలేయాన్ని దెబ్బతీసే పదార్థం ఎక్కువగా తయారవుతుంది. ఈ మూడింటిలో ఏది వాడుతున్నా, కాలేయం బాగాలేకపోయినా, బరువు మరీ తక్కువగా ఉన్నా మీ హద్దు ఎంతో డాక్టరును అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. లామోట్రిజిన్‌కి ఇంకో తిరకాసు ఉంది. రోజూ పారాసిటమాల్ వేసుకుంటూ పోతే రక్తంలో లామోట్రిజిన్ తగ్గొచ్చు. ఎప్పుడో ఒకటి వేసుకుంటే భయం లేదు.

వాల్‌ప్రొయేట్ వాడేవాళ్లు ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి. ఆస్పిరిన్ రక్తంలో పనిచేసే వాల్‌ప్రొయేట్‌ను పెంచుతుంది. వాల్‌ప్రొయేట్ ప్లేట్‌లెట్లను తగ్గించగలదు, ఆస్పిరిన్ వాటిని పనిచేయనివ్వదు, రెండూ కలిస్తే రక్తస్రావం భయం. గుండె కోసం డాక్టరే ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం మీ అంతట మీరు మానకండి, వెళ్లి అడగండి. ఐబుప్రొఫెన్ చాలామందికి పడుతుంది. అయితే అల్సర్, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్లూ, వాల్‌ప్రొయేట్, ఫెనిటోయిన్ వాడేవాళ్లూ ముందు అడిగే వేసుకోవాలి.

ఇక బామ్. మాత్ర కాదు కదా, పైపూతే కదా అని నుదుటికీ ముక్కు కిందా పట్టిస్తారు. చాలా బామ్‌లలో కర్పూరం, నీలగిరి తైలం ఉంటాయి. ఈ రెండిటికీ ఫిట్స్ రేపే గుణం ఉంది. నీలగిరి తైలం ఆవిరి పీల్చాక ఫిట్స్ వచ్చిన కేసులను వైద్యులు నమోదు చేశారు. ఫిట్ ఎందుకొచ్చిందని వెతికేటప్పుడు మాత్రలన్నీ లెక్కేస్తారు, బామ్ సీసా గురించి ఒక్కరూ అడగరు. ఫిట్స్ ఉన్నవాళ్ల గదిలో బామ్ ఉండకూడదు, అంతే. తడిగుడ్డ చాలు.

నొప్పి మాత్ర వేసుకున్న ప్రతి రోజునూ నోట్‌బుక్‌లో గుండ్రంగా చుట్టండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు గానీ కలగలుపు మాత్రలు గానీ 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టడం మొదలుపెడతాయి. చాలామంది ఈ గోతిలో పడి, తప్పంతా ఫిట్స్ మాత్ర మీదికి నెడతారు. నా ఇంట్లో వారానికి రెండు చుట్లు దాటడానికి వీల్లేదు. దాటితే డాక్టరు దగ్గరికే.

నొప్పితో వాంతి అయినప్పుడు ఫిట్స్ మాత్ర కూడా బయటికి వచ్చేస్తే మళ్లీ వేసుకోవాలా? మందును బట్టి, ఎంతసేపటికి వాంతి అయిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నొప్పి లేని రోజునే అడిగి మొదటి పేజీలో రాసుకోవాల్సిన సంగతుల్లో ఇది రెండోది.

చివరగా: డాక్టరు దగ్గర

నోట్‌బుక్ ఆయన చేతికివ్వండి, మీరు వివరించకండి. కొత్తగా మొదలుపెట్టిన మందైతే కొద్ది వారాలు ఓపిక పట్టమంటారు. లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ మొదట్లో తలనొప్పి ఇచ్చి, తర్వాత చాలామందిలో సర్దుకుంటాయి. మైగ్రేన్ కూడా ఉందని తేలితే దాన్ని దాచకుండా చెప్పండి. టొపిరమేట్, వాల్‌ప్రొయేట్ ఫిట్స్‌కీ మైగ్రేన్ నివారణకీ రెండింటికీ పనిచేస్తాయి, ఒక్క మందుతో రెండు పనులూ జరగొచ్చు. కాకపోతే వాల్‌ప్రొయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు దాన్ని వీలైనంత వరకు ఇవ్వరు. గర్భం వచ్చాక ఎవరికీ చెప్పకుండా ఆపేయడం మళ్లీ ఇంకో ప్రమాదం.

రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్షకు సాధారణంగా పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం తీస్తారు. అప్పుడు మందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మీ నొప్పి మాత్ర వేసుకున్న గంటన్నరకి వస్తుంటే ఆ రిపోర్టు బాగానే ఉంటుంది, "అంతా నార్మల్" అని పంపించేస్తారు. నోట్‌బుక్‌లో టైములు చూపించి, నొప్పి వచ్చే వేళకి ఇంకోసారి చూస్తారా అని అడగండి.

డోసు మార్చాక పాత స్ట్రిప్పులూ కొత్తవీ ఒకే డబ్బాలో పెట్టకండి. 200 ఉన్నదీ 400 ఉన్నదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నిద్రకళ్లతో తీసేటప్పుడు తేడా పట్టుబడదు.