పాట పంచుకుందాం – 4వ పాఠం: ముందు లంకె వెతకండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీకు హుషారునిచ్చే పాటలు మూడు, మూడు వేర్వేరు రకాల సంగీతం నుంచి తీసి, ఇంట్లో ఒకరికి వినిపించమన్నాను. వచ్చిన జాబులన్నీ చదివాను. ఎక్కువమంది రాసింది ఒకటే: మొదటి పాట సగంలో ఆపేశారు, రెండోది పెట్టనివ్వలేదు, మూడోదాని ఊసే లేదు. ఒకావిడ మామగారికి రాక్ పాట వినిపిస్తే "కాస్త సౌండు తగ్గించమ్మా" అన్నారట. ఇంకొకరు ఫ్యామిలీ గ్రూపులో మూడు లింకులూ ఒకేసారి పెడితే, బదులుగా ఒక నమస్కారం బొమ్మ వచ్చింది.

ఈసారి పాటల వరుస గురించి చెప్పాలనుకున్నాను. అది తర్వాత చూద్దాం. మీ జాబితాలు చూశాక ఇంకో సంగతి, వినే మనిషినీ కొత్త పాటనీ కలిపే లంకె ఏమిటన్నది, ముందు తేల్చుకోక తప్పదనిపించింది.

దాదాపు అందరూ వేగం చూసి పాటలు ఎంచారు. కర్ణాటక సంగీతం నుంచి అంటే చురుగ్గా సాగే తిల్లానా, సినిమా నుంచి అంటే స్టెప్పుల పాట, ఇంగ్లీషు నుంచి అంటే క్లబ్బు పాట. స్పీడు ఉంటే హుషారు దానంతటదే వస్తుందనే ఈ నమ్మకం నాకు అస్సలు గిట్టదు. పాట వినే అలవాటునే పాడుచేస్తుంది ఇది. ఒక చిన్న పరీక్ష చేయండి. 2004లో వచ్చిన "మౌనంగానే ఎదగమని" పాట ఫోన్‌లో పెట్టి, ప్లేబ్యాక్ స్పీడు 1.25కి మార్చండి. వేగమే హుషారైతే ఇప్పుడు ఇంకాస్త ధైర్యం రావాలి కదా? రాదు. చిత్ర గొంతులో మాటకూ మాటకూ మధ్య ఉన్న ఊపిరి పోతుంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మళ్లీ మామూలు స్పీడుకి తెచ్చి వినండి. ఆ ఖాళీల్లోనే మాట మనసుకి పడుతోందని తెలుస్తుంది.

1957 నాటి "మాయాబజార్"లో "లాహిరి లాహిరి లాహిరిలో" పరుగెత్తే పాటా? వెన్నెల్లో పడవ మీద తీరిగ్గా సాగుతుంది. అయినా అది విని మొహం విప్పారని మనిషిని నేను చూడలేదు. అమెరికా జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1967లో పాడిన "వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్" ఇంకా నెమ్మది. ఆ గరగర గొంతులో ఒక్క చోట కూడా తొందర లేదు. ప్రపంచంలో ఎంతమంది దిగులు రోజుల్లో ఆ పాట పెట్టుకుంటారో!

మరి పైకి లేపేది ఏమిటి? చాలాసార్లు, పెరుగుదల. త్యాగరాజ కృతి పల్లవిలో సంగతులు, అంటే ఒకే లైనుని మార్చి మార్చి పాడే తీరులు, వినండి. అదే సాహిత్యం, అదే తాళం, కాలప్రమాణం (పాట వేగం) కదలదు. మొదటిసారి సాదాగా వచ్చిన లైను రెండోసారి ఒక మెలిక తిరుగుతుంది, మూడోసారి పై స్థాయిని తాకి వస్తుంది. నాలుగైదు సంగతులు అయ్యేసరికి మనం కూర్చున్న తీరే మారిపోతుంది. లయ మాత్రం పిసరంత కూడా జరగలేదు.

ఇప్పుడు జర్మన్ స్వరకర్త బేతోవెన్ తొమ్మిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం కట్టిన సంగీతం), 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించింది, దాని నాలుగో భాగం పెట్టండి. మొదట్లో పెద్ద గలాటా ఉంటుంది, బెదిరిపోయి ఆపకండి. సుమారు మూడో నిమిషం దగ్గర (వాయించేవాళ్లను బట్టి కాస్త అటూ ఇటూ) అంతా సద్దుమణుగుతుంది. లోతైన గొంతున్న తీగ వాద్యాలు చెల్లోలు, డబుల్ బాస్‌లు మాత్రమే, చాలా చిన్నగా, ఒక వరుస (బాణీ) ఎత్తుకుంటాయి. పక్కపక్క స్వరాల మీద నడిచే వరుస అది, చిన్నపిల్లలు కూడా కూనిరాగం తీయగలరు. అది పూర్తయ్యాక వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయోలాలు అందుకుంటాయి, పక్కన ఊదే వాద్యం బాసూన్ ఇంకో దారిలో పలుకుతుంది. తర్వాత వయొలిన్లు. ఆ తర్వాత ట్రంపెట్లతో సహా మొత్తం బృందం. వరుస అదే. పెరిగింది నిండుదనం.

సౌండు తగ్గించమన్న మామగారు కచేరీలు వినే మనిషని ఆ జాబులోనే ఉంది. ఆయనకి ఇది పెట్టి, ఒక్క మాట చెప్పాలి: "మామయ్యగారూ, పల్లవి సంగతులు విన్నట్టు వినండి." అంతే. వాళ్లకి తెలిసిన సంగీతంలోంచి తెలియని సంగీతంలోకి ఒక్క ఆనవాలు. దాన్నే లంకె అంటున్నాను. "చాలా బాగుంటుంది, వినండి" అనడం లంకె కాదు, ఎందుకంటే చెవికి ఎక్కడ పట్టుకోవాలో అది చెప్పదు.

స్వరాల్లోనూ లంకె దొరుకుతుంది. "లాహిరి" పాట మోహన రాగంలో కట్టింది. మోహనంలో స రి గ ప ద, ఐదే స్వరాలు. మ, ని ఉండవు. నా అడ్డదారి చెబుతాను: కీబోర్డు యాప్‌లో నల్ల మెట్లు మాత్రమే చూడండి. మూడు కలిసి ఉన్న గుంపులో మొదటిదాన్ని స అనుకుని వరుసగా నల్లవే నొక్కుతూ పోతే మోహనం వస్తుంది. ఇప్పుడు ప స గసగ రి స ద ప అని నొక్కండి. మొదటి ప, చివరి ద ప మంద్రంలో, అంటే కింది స్థాయిలో. ఏం వచ్చింది? "అమేజింగ్ గ్రేస్" అనే ఇంగ్లీషు క్రైస్తవ భక్తి పాట మొదటి లైను. ఆ పాట మాటలు జాన్ న్యూటన్ అనే ఇంగ్లండు పాస్టరువి, 1779లో అచ్చయ్యాయి. ఇప్పుడు మనం వినే వరుసతో అమెరికాలో 1835లో జతపడ్డాయి. మాయాబజార్ వదలని అమ్మమ్మకి ఈ పాట వాద్యం మీద వినిపిస్తే కొత్తగా ఉంటుంది గానీ పరాయిగా ఉండదు. మాటలున్నది తర్వాత పెట్టండి. తెలియని భాష అడ్డొస్తే స్వరం వినబడదు, అందుకని నేనెప్పుడూ ముందు వాద్యమే పెడతాను.

లయ లంకె కుర్రకారుకి బాగా పనిచేస్తుంది. 2023లో ఆస్కార్ గెలిచిన "నాటు నాటు" నడక మూడేసి దెబ్బల తకిట తకిట. ఐర్లండ్ వాళ్ల జిగ్ అనే నాట్యపు బాణీ కూడా తకిట తకిటే. మోకాలి మీద "త" దగ్గర మాత్రమే తట్టండి, రెండూ ఒకే అడుగుతో సాగుతాయి. వాళ్ల బౌరాన్ మన డప్పులాగే చట్రానికి తోలు బిగించిన వాయిద్యం.

భజన పాటలు ఇష్టపడేవాళ్లకి అమెరికా నల్లవారి చర్చి పాటలు ఇవ్వండి. ఒకరు ఎత్తుకోవడం, అందరూ అందుకోవడం అక్కడా ఉంది. ఎడ్విన్ హాకిన్స్ బృందం పాడిన "ఓ హ్యాపీ డే"తో మొదలుపెట్టవచ్చు, 1969లో దేశదేశాల్లో మోగిన పాట అది. చప్పట్లు మాత్రం నాలుగు దెబ్బల లెక్కలో ఒకటో దెబ్బ మీద కాదు, రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద. కాసేపు చెయ్యి తడబడుతుంది, ఫరవాలేదు.

ఈసారి అభ్యాసం. మూడు పాటలు వద్దు, ఒక్కటే. మనిషి కూడా ఒక్కరే.

ముందు వాళ్లకి ప్రాణమైన పాట ఏదో అడిగి, వాళ్ల పక్కనే కూర్చుని పూర్తిగా వినండి. మీకు నచ్చకపోయినా సరే. స్వరమా, నడకా, పెరుగుదలా, గుంపు పాడే తీరా, ఆ పాటలో వాళ్లని కదిలిస్తున్నది ఏదో కనిపెట్టండి. తర్వాత వారం రోజులు తీసుకుని, అదే గుణం ఉన్న పాటని వేరే రకం సంగీతంలో వెతకండి. నేను చెప్పిన పాటలు వాడకూడదు. దొరికాక లింకు పంపొద్దు, రాత్రి భోజనాలయ్యాక గదిలో స్పీకర్ మీద పెట్టండి. ముందు చెప్పే మాట పది పదాలు దాటకూడదు. "సూపర్", "అద్భుతం" అనే మాటలు అందులో ఉండకూడదు. పాట నడుస్తుండగా ఎలా ఉందని అడగొద్దు.

జాబులో నాకు మూడు విషయాలు కావాలి: వాళ్ల పాట, మీ పాట, ఆ పది పదాలు. పాట అయ్యాక వాళ్లే ఇంకో పాట పెట్టమన్నారా, లేక తిరిగి మీకే ఒకటి వినిపించారా, అదీ రాయండి. పాటల వరుస గురించిన పాఠం అక్కణ్ణించి మొదలుపెడతాను.