ఒక పక్క మెదడే వాచే రాస్ముస్సెన్ జబ్బు: స్కాన్లతో నిర్ధారణ ఎలా?

పెద్దవారిలో ఒక చేయో, మూతిలో ఒక పక్కో రోజుల తరబడి అదురుతూ, మూర్ఛ మందులు ఎన్ని మార్చినా లొంగకపోతే న్యూరాలజిస్టులు అనుమానించే అరుదైన జబ్బుల్లో రాస్ముస్సెన్ ఎన్‌సెఫలైటిస్ ఒకటి. 1958లో కెనడాలోని మాంట్రియల్‌లో న్యూరోసర్జన్ థియోడర్ రాస్ముస్సెన్ బృందం దీన్ని వివరించింది. ఎక్కువగా పిల్లలకే వస్తుంది. పదిమందిలో ఒకరికి మాత్రం కౌమారంలోనో, పెద్దయ్యాకో మొదలవుతుంది. రోగనిరోధక కణాలు మెదడులో ఒక సగాన్నే పట్టుకుని, రెండో సగాన్ని దాదాపు వదిలేస్తాయి.

1. ముందు వివరాలు రాసిపెట్టండి. స్కాన్ చీటీ మీద ‘మూర్ఛ’ అని ఒక్క మాటే ఉంటే సరిపోదు. ‘ఆరు వారాలుగా ఎడమ చేయి అదురుతోంది, పట్టు తగ్గింది’ అని ఉంటే రేడియాలజిస్టు ఎడమ పక్కను నడిపే కుడి సగం మెదడును మరింత పట్టి చూస్తారు. చివరి మూర్ఛ ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పండి. మూర్ఛ వచ్చిన వెంటనే తీసిన స్కాన్‌లో తాత్కాలిక వాపు కనిపించి తప్పుదారి పట్టించవచ్చు.

2. మూర్ఛ రోగులకు తీసే పద్ధతిలో, కాంట్రాస్ట్‌తో (తేడాలు స్పష్టంగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే మందు) సహా ఎంఆర్ఐ తీయించండి. పేస్‌మేకర్, శరీరంలో లోహపు ముక్కలు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మూర్ఛ మందులు మాత్రం ఆ రోజూ మానకూడదు.

3. రిపోర్టులో మూడు విషయాలు చూడండి: ఒక పక్కే మెదడు పైపొర కుంచించుకుపోవడం, ముఖ్యంగా ఇన్సులా (పైపొరలో లోపలికి మడతపడి ఉండే భాగం) చుట్టూ; ఫ్లెయిర్ అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో అదే పక్క తెల్లటి మెరుపు; ఆ పక్క కాడేట్ (మెదడు లోతుల్లో ఉండే ఒక భాగం) తల వైపు సన్నబడటం. ఈ జబ్బులో కాంట్రాస్ట్ మందు సాధారణంగా పట్టదు. పట్టినట్టు కనిపిస్తే రక్తనాళాల వాపు, కణితి వంటివి ఆలోచించాలి. మన దేశంలోనైతే, జనం ‘మెదడులో పురుగు’ అనే తిత్తినీ, క్షయ గడ్డనూ ముందే తోసిపుచ్చాలి. అలాంటి వాటిలో ఉండే సున్నపు మచ్చలు పట్టుకోవడానికి సీటీ అవసరం కావచ్చు.

4. మళ్లీ తీయించండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తొలి ఎంఆర్ఐ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం. పెద్దవారిలో ఇది పిల్లల్లోకన్నా నెమ్మదిగా ముదురుతుంది. నెలల తేడాతో తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడే కుంచించుకుపోవడం బయటపడుతుంది. వీలైతే అదే యంత్రం మీద, అదే పద్ధతిలో తీయించండి. రిపోర్టు కాగితం దాచి సీడీ పారేసేవారే ఎక్కువ. డాక్టరుకు కావలసింది ఆ సీడీయే.

5. మిగతా పరీక్షలతో కలిపి చూడాలి. 2005 నాటి యూరోపియన్ ప్రమాణాల ప్రకారం ఒంటిపక్క లక్షణాలు, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎంఆర్ఐ మూడూ కలిస్తే నిర్ధారణ అవుతుంది. కలవకపోతే మరో దారి ఉంది: ఆగని అదురు లేదా ముదిరే ఒంటిపక్క బలహీనత, వరుస ఎంఆర్ఐల్లో పెరిగే కుంచింపు, బయాప్సీ (మెదడు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం), ఈ మూడింటిలో రెండు చాలు. పెట్ స్కాన్‌లో ఒక సగం గ్లూకోజ్‌ను తక్కువగా వాడుతున్నట్టు తేలితే, ఏ పక్క జబ్బుందో చెప్పడానికీ, బయాప్సీ ఎక్కడ తీయాలో ఎంచుకోవడానికీ పనికొస్తుంది.